తల్లి చేలో మేస్తే

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి లోపల ఉన్నది ఒక్కడే. వాడిలోనూ ప్రాణం లేదు.

పొద్దున్నే డ్యూటీకొచ్చిన జనం కెవ్వుమన్నారు. చనిపోయినవాడు రైల్వే సిగ్నళ్ళ డేటా సెంటర్లో సర్వర్ ఇంజనీరు. డాక్టరొచ్చి నాడి పట్టుకుని "గుండె ఆగింది" అని తేల్చేశాడు. ఆగదూ మరి! మెడ వెనక విషపు సూది దిగితే ఎవడి గుండైనా ఆగుతుంది. అక్కడున్న చిన్న ఎర్రచుక్క డాక్టరు కంటబడలేదు. కంటబడాల్సినవాళ్ళ కంటబడింది.

చచ్చే ముందు ఆ ఇంజనీరు లిఫ్టులోంచి ఒక ఫోన్ చేశాడు. అది "ఫ్రిజ్ రిపేరు సెంటర్" అని బోర్డున్న ఒక మేడ మీద మోగింది. ఆ మేడ మీద ఫ్రిజ్జులు తప్ప అన్నీ బాగుచేస్తారు. అది సీక్రెట్ సర్వీసు ఆఫీసు. ఇంజనీరు వాళ్ళకి గుట్టుగా కబుర్లు చేరవేసేవాడు.

"విను" అన్నాడు పెద్దాయన. ఆయన చీఫ్. పుట్టినప్పుడు కూడా ఏడవకుండా డాక్టరు మీద కసురుకుని ఉంటాడని ఆఫీసులో చెప్పుకుంటారు.

ఎదురుగా నిలబడ్డవాణ్ణి అందరూ ఉడుం అంటారు. పట్టుకుంటే వదలడని వచ్చిన పేరు. ఆఫీసులో సర్వర్లను నడిపే లైనక్స్ తెలిసినవాడు వాడొక్కడే కావడంతో, హంతకులను పట్టుకోని రోజుల్లో పాత సర్వర్లను తిట్టుకుంటూ బాగుచేస్తుంటాడు. అందుకు కృతజ్ఞతగా పెద్దాయన వాణ్ణి తిడుతుంటాడు.

రికార్డింగులో లిఫ్టు రొద వినిపించింది. దాని మీద ఇంజనీరు గొంతు, తెచ్చిపెట్టుకున్న హుషారుతో: "ఆఁ, నేనే. ఇంకేముంది, తల్లి చేలో మేస్తోంది. మిగతాది మీకు తెలిసిందేగా..." ఒక మూలుగు. తరవాత ఏమీ లేదు.

"డీకోడ్ చేశాం" అన్నాడు పెద్దాయన. "తల్లి అంటే మదర్. చేను అంటే ఫీల్డ్. మదర్ అనే ఆడ ఏజెంటు ఫీల్డులోకి దిగింది."

"సార్, అది సామెత కదా? తల్లి చేలో మేస్తే దూడ..."

"ప్రాణం పోతుంటే సామెతలు చెబుతాడా ఎవడైనా? నోర్మూసుకుని ఇది చూడు."

ఫోటోలో ఒక అందగత్తె. డేటా సెంటర్లో టీమ్ లీడర్. ఫైల్లో ఆమె పేరు పిల్లి. పూర్తిపేరు గోడ మీద పిల్లి. పొరుగుదేశపు ముఠాకు పనిచేస్తుంది, వాళ్ళ శత్రువులకూ పనిచేస్తుంది. ఎటు దూకుతుందో ఆమెకే తెలియదని రెండు వైపులా అనుమానం.

"ఇవాళ మధ్యాహ్నం రైల్వే సిగ్నళ్ళన్నీ పాత సర్వర్ల నుంచి కొత్తవాటికి మారుతున్నాయి. ఆ సిగ్నళ్ళతో మొదటి రైలు నది వంతెన దాటుతుంది. వంతెన మీద సింగిల్ లైను. ఆ రైల్ని గుద్దించాలని ముఠా ప్లాను."

"రైలు ఆపించండి సార్!"

"అడిగాను. జెండా ఊపేవాళ్ళు బట్టలు కూడా ఇస్త్రీ చేయించుకున్నారట. ఆధారం చూపిస్తే ఆపుతామన్నారు. నువ్వు తేవాల్సింది అదే. తేలేకపోతే ఆ పిల్లి చెయ్యి కీబోర్డు మీద పడకుండా చూడు."

"కాల్చెయ్యనా?"

"తుపాకీ గేటు దాటదు. చేతులున్నాయిగా! ఇంకోటి. లోపల మన ఏజెంటు ఒకరున్నారు. పైవాళ్ళు పెట్టారు, ఎవరో నాక్కూడా తెలీదు. 'వాన పడేలా ఉంది' అంటే మనవాళ్ళని గుర్తు."

"కిటికీల్లేని ఏసీ గదిలో వానేంటి సార్?"

"పో!" అన్నాడు పెద్దాయన. ఉడుం తలుపు దాకా వెళ్ళాక, కావాలనే ఆలస్యంగా చెప్పాడు. "ఆ రైలు నడిపేది మీ అక్క."

ఉడుం మెట్ల మీద కూలబడ్డాడు. వాడికి భయమేసింది. తుపాకులకూ బాంబులకూ వెయ్యని భయం అది. అమ్మ పోయాక వాడికి ఇంత ముద్ద పెట్టి, నాలుగు తన్ని, బడికి పంపింది అక్కే. వాడేమో ఫ్రిజ్ మెకానిక్కునని ఆమెకు అబద్ధం చెప్పాడు. నిజమనుకుని ఆమె తన ఫ్రిజ్ బాగుచెయ్యమంది. వీడు ప్లగ్గు పీకకుండానే వెనకాల స్క్రూడ్రైవర్ పెట్టాడు. ఫ్రిజ్జు మాడిపోయింది. ఆ పొగలోనే అక్కాతమ్ముళ్ళ మాటలూ మాడిపోయాయి.

ఫోన్ చేశాడు.

"ఏంట్రా?" అంది అక్క.

"అక్కా, ఇవాళ్టికి సెలవు పెట్టరాదూ?"

"నీ నోట్లో మన్ను పడ! ఇన్నేళ్ళు గూడ్సు బళ్ళు తోలితే ఇవాళ్టికి నా మొహానికో కొత్త రైలిచ్చారు. సెలవు పెట్టాలా? నా ఫ్రిజ్జు తగలెట్టావు, ఇప్పుడు నా రైలు మీద పడ్డావా?"

"అది కాదక్కా, నా మాట విని..."

"నీ మాట వినే ఫ్రిజ్జు పోగొట్టుకున్నా. పెట్టెయ్!" ఆమే పెట్టేసింది.

* * *

స్టోర్స్‌లో ఉడుంకి అతికించుకునే మీసం ఒకటి, దళసరి కళ్ళజోడు, వినికిడి మిషన్‌లా కనిపించే రేడియో, మూత తీస్తే ఎదుటివాణ్ణి నిద్రపుచ్చే పెన్ను ఇచ్చారు. చనిపోయిన ఇంజనీరు స్థానంలో ఏజెన్సీ పంపిన కొత్త మనిషినని చెప్పుకుంటూ డేటా సెంటర్ గేటు దగ్గరకెళ్ళాడు.

"లోపలికి పెన్నులు తీసుకెళ్ళకూడదు" అంటూ గార్డు పెన్ను లాక్కున్నాడు. సిరా ఉందో లేదో చూద్దామని మూత కూడా తీశాడు. ఉడుం ఊపిరి బిగబట్టి గబగబా లోపలికి నడిచాడు. వెనక గార్డు కుర్చీలోంచి జారిన చప్పుడైంది.

సర్వర్ గది చల్లగా ఉంది. ఫ్యాన్ల హోరులో ఎదుటి మనిషి మాట వినాలంటే మీదికి వంగాల్సిందే. ఎత్తైన నల్ల బీరువాల వరసలు, వాటి వెనక జడలేసిన నీలం కేబుళ్ళు. ముందు గోడ నిండా రైలు మార్గాల మ్యాపు. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన తప్ప మరో వాసన ఎరగని ఆ గదిలోకి సెంటు వాసన వచ్చింది. వెనకే ఎత్తు మడమల టకటక, ఎర్ర కోటు, ఎవరినీ లెక్కచెయ్యని కళ్ళు.

పిల్లి ఉడుంని పైనుంచి కిందికి చూసింది. దగ్గరికొచ్చి చెవిలో అంది. "మీసం ఎడమపక్క లేచింది. అతికించుకుని తగలడు."

ఉడుం గబుక్కున మీసం నొక్కుకున్నాడు.

"నువ్వెవరో నాకనవసరం. మధ్యాహ్నం దాకా నా దారికి అడ్డు రాకు. అడ్డొచ్చావో, మీసంతో పాటు మూతి కూడా ఊడుతుంది."

అప్పుడే బీరువాల సందులోంచి ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. సర్వర్లు అమ్మిన విదేశీ కంపెనీ తరఫు సేఫ్టీ ఆడిటరట. చేతిలో తోలుబ్యాగు. పెన్నులు లాక్కునే ఆ గార్డులే ఆడిటరు బ్యాగు చూస్తే మాత్రం లేచి సలాం కొడతారు.

"నూతన ఉద్యోగికి స్వాగతం!" అన్నాడు ఆడిటరు. "తమరు క్షేమమేనని తలంచుచున్నాను."

భాషంతా పుస్తకాల్లోంచే నేర్చుకున్నాడు పాపం. ఒక్క మాట పొల్లు పోదు, ఒక్క మాటా మనిషి మాటలా ఉండదు. టీమ్‌లో కుర్రాళ్ళు నవ్వాపుకుంటూ దగ్గారు.

పిల్లి ఉడుంని ఒక తెర ముందు కూలేసింది. "మెషిన్లు కట్టే స్క్రిప్టు ఇది. చదువు. తప్పుంటే చెప్పు. లేకపోతే నోరెత్తకు."

ఆ గదిలో ఉన్న ఇనప పెట్టెలు కొన్నే. కానీ ఒక్కో పెట్టెలో, లేని మెషిన్లను ఉన్నట్టుగా, గుంపులు గుంపులుగా నడపొచ్చు. వాటినే వర్చువల్ మెషిన్లంటారు. ఒక్కోదాన్నీ చేత్తో కట్టాలంటే తాతలు దిగొస్తారు. అందుకే స్క్రిప్టు. దానికి ఎంటర్ కొడితే చాలు, ఒకదాని తరవాత ఒకటి మెషిన్ను పుట్టిస్తుంది, పేరు పెడుతుంది, మెమరీ ఇస్తుంది, నెట్‌వర్క్‌లో కూర్చోబెడుతుంది, సిగ్నల్ ప్రోగ్రామును నిద్రలేపుతుంది.

ఉడుం వరసవరసా చదివాడు. కిందినుంచి పైకి మళ్ళీ చదివాడు. ఎక్కడా మచ్చ లేదు. కడిగిన ముత్యంలా ఉంది స్క్రిప్టు.

"పిల్లి చెయ్యి చూసుకో!" అని చెవిలో పెద్దాయన అరుస్తున్నాడు. "ఆమే మదర్!"

ఉడుం ఆమె చేతినే చూస్తున్నాడు. అది వచ్చి వాడి చేతి మీద చెళ్ళున పడింది. మౌసు పక్క ఫోల్డర్ మీదికి వెళ్ళినందుకు.

"స్క్రిప్టు ముట్టుకో, పిల్లల్ని ముట్టుకో. తల్లి జోలికి మాత్రం పోకు."

ఉడుం గిర్రున తిరిగాడు. "ఏ తల్లి?"

"టెంప్లేటు! కొత్త మెషిన్లన్నీ దాన్ని చూసి తీసే కాపీలే. మేం దాన్ని తల్లి అంటాం. తల్లిని నిద్రలేపకూడదు, కాపీ తియ్యడమే. ఒక్కసారి లేచిందా, దాని ఒంటికంటుకున్నదంతా పిల్లలకీ అంటుకుంటుంది. పోయినవాడు ఈ ముక్క రోజూ నా చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు." ఒక్క క్షణం ఆమె గొంతు తగ్గింది. "చాదస్తుడు" అనేసి వెళ్ళిపోయింది.

తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా!

ఉడుంకి తల మీద మొట్టికాయ వేసినట్టు తెలిసొచ్చింది. ఇంజనీరు చెప్పింది ఏ ఆడమనిషి గురించీ కాదు. విషం స్క్రిప్టులో లేదు. తల్లిలో ఉంది. పుట్టే ప్రతి మెషిన్నూ ఆ విషంతోనే పుడుతుంది. మరి ఆ మాట సూటిగా చెప్పకుండా సామెతలో ఎందుకు చెప్పాడు? లిఫ్టులో పక్కన నిలబడ్డవాడికి మాటలన్నీ అర్థమవుతాయి, సామెతలు మాత్రం అర్థం కావు కనక.

అలాంటివాడు ఆ బిల్డింగు మొత్తానికి ఒక్కడే.

ఊహ చాలదు, ఆధారం కావాలి. పొద్దున టెస్టు కోసం పుట్టించిన పిల్లల్లో ఒకదాంట్లోకి లాగిన్ అయ్యాడు ఉడుం. ఏ లైనక్స్ మెషినైనా మొదటిసారి నిద్రలేవగానే తన కోసం ఒక తాళం చెవి చేసుకుంటుంది. కొత్తగా వచ్చినవాడికి ఆ తాళం చెవి వేలిముద్ర చూపించి, "నేనే, నమ్ముతావా?" అని అడుగుతుంది. ఏ మెషిన్ ముద్ర దానిదే. మొదటి మెషిన్ ముద్ర చూపించింది. రెండోదాంట్లోకి వెళ్ళాడు. అదే ముద్ర. మూడోదాంట్లోనూ అచ్చం అదే.

అంటే ఆ తాళం చెవి పిల్లలు చేసుకున్నది కాదు, తల్లి ఒంట్లోంచి వచ్చింది. తల్లి ఎప్పుడో నిద్రలేచింది. ఈ పని తెలిసినవాడెవడూ తల్లిని లేపి వదిలెయ్యడు. లేపినా ముద్రలు తుడిచి పడుకోబెడతాడు. ఎవడో పని రానివాడు దాన్ని లేపి, తన విషం ఎక్కించి, చేతులు దులుపుకుని పోయాడు.

"సార్!" అన్నాడు మీసంలోంచి. "ఆధారం దొరికింది. పిల్లలన్నిటికీ ఒకటే వేలిముద్ర!"

"మెషిన్లకి వేళ్ళెక్కడివిరా?" అన్నాడు పెద్దాయన. "నిన్ను పంపింది ఆడదాన్ని పట్టుకోమని!"

"అయ్యో సార్, తల్లి ఆమె కాదు, టెంప్లేటు! రైలు ఆపండి!"

"ఆపడానికి ఎక్కడుంది? జెండా ఊపేశారు."

ఉడుం తలెత్తి చూశాడు. టీమంతా ఆ జెండా ఊపుడు టీవీలో చూడ్డానికి కింది హాల్లోకి వెళ్ళిపోయింది. పిల్లి తన తెర ముందు కూర్చుని ఉంది. స్క్రిప్టు ఆఖరి మెషిన్ను కూడా పుట్టించేసింది. గోడ మీద మ్యాపులో సిగ్నళ్ళన్నీ ఒక్కసారిగా పచ్చబడ్డాయి. అన్నీ! వంతెనకు ఇటువైపూ, అటువైపూ కూడా. ఇటునుంచి కొత్త రైలు చుక్క, అటునుంచి గూడ్సు బండి చుక్క, రెండూ వంతెన కేసి పాకుతున్నాయి.

"ఆపెయ్యి!" అని అరుస్తూ లేచాడు ఉడుం.

"విరమింపుడు!" అన్నాడు ఆడిటరు. తోలుబ్యాగులోంచి వచ్చిన పిస్టల్ ఉడుం పొట్టకు తగిలింది. "ఉపవిష్టులు కండి."

ఉడుం చప్పున కూర్చున్నాడు.

పిల్లి మ్యాపు చూసింది. చప్పున ఆడిటరు వైపు తిరిగింది. "సిగ్నళ్ళు కాసేపు ఆగుతాయన్నావు. రైళ్ళు గుద్దుకుంటాయని చెప్పలేదే!"

"అసత్యమాడితిని" అన్నాడు ఆడిటరు, తప్పొప్పుకునే పిల్లాడిలా. "ఆ ఇంజనీరు సైతం మీవలెనే ఆగ్రహించెను."

"వాణ్ణి చంపింది నువ్వా?"

ఆడిటరు వినయంగా తల వంచాడు. ఉడుం కీబోర్డు మీదికి వంగి గబగబా షట్‌డౌన్ ఆజ్ఞ కొట్టాడు. ఆడిటరు ఆపలేదు సరికదా, నవ్వుతూ చూశాడు. మెషిన్లలో ఒక్కటీ కదల్లేదు.

"మా నిపుణులు నాకు తెలిపియే ఉన్నారు. షట్‌డౌన్ అనునది ఒక విన్నపము మాత్రమే. మా మెషిన్లు విన్నపములు ఆలకించవు. మరల ప్రయత్నింపుడు, నాకు వినోదముగా ఉన్నది."

ఉడుంకి చెయ్యాల్సింది తెలుసు. పట్టాల పక్కన ఉన్న సిగ్నల్ పెట్టెలు పాతకాలపువి. సర్వర్ మాట వినబడినంతసేపు అది చెప్పినట్టు వింటాయి. మాట ఆగిందా, అడక్కుండానే ఎర్రబడతాయి. ఆ మెషిన్ల నోరు మూయిస్తే చాలు. మంచిమాటతో మూతపడలేదు కనక ప్లగ్గు పీకెయ్యాలి. కానీ ఆ ఆజ్ఞ పక్కనున్న పిల్లి తెర నుంచే వెళ్ళాలి, వాడేమో పిస్టల్ ముందు నుంచి కదల్లేడు. ఆ తెర ముందున్న చేతులు రెండే. అవి పిల్లివి.

"పిల్లీ" అన్నాడు ఉడుం. "ఆ రైలు నడిపేది మా అక్క. ఇంక గోడ దిగు తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఏ గోడ?" ఆడిటరు చుట్టూ చూశాడు. "ఎవరునూ గోడ నెక్కలేదు కదా?"

పిల్లి మ్యాపు వైపు చూసింది. రెండు చుక్కలూ వంతెన చెరో అంచుకీ చేరుతున్నాయి. ఆమె ఆడిటరు వైపు తిరిగి తియ్యగా నవ్వింది. "మీ పనే చేస్తున్నాను సార్, చూడండి" అని ఒక్క లైను కొట్టింది. నడుస్తున్న ప్రతి మెషిన్‌కీ ఒకే ఆజ్ఞ వెళ్ళే ఫర్ లూపు అది.

తెర మీద అక్షరాలు జలజలా రాలాయి. సిగ్నల్ ఒకటి, డెస్ట్రాయ్డ్. సిగ్నల్ రెండు, డెస్ట్రాయ్డ్. సిగ్నల్ మూడు, డెస్ట్రాయ్డ్.

ఆడిటరు మొహం విప్పారింది. "నశించినది! నశించినది! బహు బాగు, విధ్వంసము ఆరంభమైనది!" అంటూ తెర మీదికి వంగాడు. వెర్రిబాగులవాడికి డిక్షనరీలో మాట తెలుసు, లైనక్స్‌లో మాట తెలియదు. వర్చువల్ మెషిన్ను డెస్ట్రాయ్ చెయ్యడమంటే నాశనం చెయ్యడం కాదు, టక్కున కరెంటు తీసెయ్యడం.

ఆ వంగడమే కావాలి ఉడుంకి. పిస్టల్ పట్టుకున్న మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. ఆడిటరు గింజుకున్నాడు, కాళ్ళతో తన్నాడు, పుస్తకాల్లో నేర్చుకున్న తిట్లన్నీ వ్యాకరణం తప్పకుండా తిట్టాడు. గుండు పేలి సీలింగులో కేబుళ్ళ ట్రేకి తగిలింది. ఊడిన మీసం ఆడిటరు చెంపకంటుకుంది. ఉడుం వదల్లేదు. పిల్లి తీరిగ్గా చెప్పు విప్పి, దాని మడమతో ఆడిటరు నెత్తి మీద ఒక్కటిచ్చింది.

"ఇది ఆ చాదస్తుడి తరఫున" అంది.

గోడ మీద మ్యాపు మొత్తం ఎర్రబడింది. ఉడుం ఆడిటరు మీద కూర్చుని ఆ రెండు చుక్కల్నే చూశాడు. గూడ్సు చుక్క అవతలి అంచునే ఆగింది. కొత్త రైలు చుక్క వంతెన మీదికి కొద్దిగా పాకింది. ఇంకొద్దిగా పాకింది. ఆగింది.

* * *

పెద్దాయన పటాలాన్ని వెంటేసుకుని దిగాడు. ఆడిటర్ని చూడలేదు, ఏజెంటుని చూడలేదు, ముందు తెర చూశాడు. గుండె పట్టుకున్నాడు.

"అన్నీ డెస్ట్రాయ్ చేశావా? రైల్వేని సర్వనాశనం చేశావు కదరా దరిద్రుడా!"

"ప్లగ్గు పీకాం సార్, అంతే. డిస్కులన్నీ అలాగే ఉన్నాయి. తల్లిని శుభ్రం చేసి మళ్ళీ స్క్రిప్టు నడిపితే సాయంత్రానికి పిల్లలన్నీ లేస్తాయి."

"మరి డెస్ట్రాయ్ అంటుందేం?"

"లైనక్స్ కొంచెం నోటిదురుసు సార్. మనసు మంచిదే. మీకు తెలియనిదా?"

పెద్దాయన పటాలం వైపు తిరిగాడు. "ఈమెకి బేడీలు వెయ్యండి" అన్నాడు పిల్లిని చూపిస్తూ.

పిల్లి చెప్పు తొడుక్కుంటూ సీలింగు వైపు చూసింది. "వాన పడేలా ఉంది" అంది.

బేడీలు పట్టుకొచ్చినవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మనవైపా నువ్వు?" ఉడుం లేచి నిలబడ్డాడు. "పొద్దున్నుంచీ పక్కనే ఉన్నావు కదా! ఆ ముక్క ఇప్పుడా చెప్పేది?"

"ఎవరు గెలుస్తారో చూసి చెబుదామని ఆగాను" అంది పిల్లి. కోటు దులుపుకుని, టకటకా వెళ్ళిపోయింది. ఆపడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

ఉడుం ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, నీ నోటిదూల వల్లే! సెలవు పెట్టమన్నావు, నా కొత్త రైలు వంతెన మీద కొయ్యలా నిలబడిపోయింది. అందరి ముందూ నా పరువు గంగలో కలిసింది. ఎవడో కంప్యూటర్ సన్నాసి సిగ్నళ్ళు ఆపేశాట్ట. వాడు నా చేతికి దొరకాలి, తోలు వలిచేస్తాను!"

"దొరకడులే అక్కా."

"గొంతేంట్రా అలా ఉంది? ఏడుస్తున్నావా?"

"లేదక్కా. ఏసీ ఎక్కువైంది."

ఇంజను రొద మీంచి అక్క అరిచింది. "సరే, సాయంత్రం ఇంటికి రా. భోంచేద్దువుగాని. ఆ ఫ్రిజ్జు సంగతి కూడా ఇంకోసారి చూడు. ఈసారైనా ముందు ప్లగ్గు పీకరా సన్నాసీ! ఏ మెషినైనా ముందు ప్లగ్గు పీకాలి. ఆ మాత్రం తెలీదా నీకు?"

"తెలిసిందక్కా" అన్నాడు ఉడుం, కళ్ళు తుడుచుకుంటూ. "ఇవాళే తెలిసింది."